ఒకే కాలవ చేపలు: కొర్రమీనులో పురుగులుండి బొచ్చెలో లేవేం?

మీ ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంది. కింద రాసినవాళ్లలో కొందరు సగం చదివి సలహాలిచ్చేసినట్టున్నారు. అందుకని ముందు నాకర్థమైంది చెప్తాను. మీది విజయవాడ. మృగశిర కార్తె అని మీ నాన్నగారు కాలవ గట్టున అమ్మేవాళ్ల దగ్గర ఒక కొర్రమీను, ఒక బొచ్చె తెచ్చారు. రెండూ ఈ కాలవలోవేనని అమ్మినతను చెప్పాడు. బొచ్చె లోపల శుభ్రంగా ఉంది. కొర్రమీను పేగులో మాత్రం తెల్లటి సన్న పురుగులు, కడుపు గోడకి అంటుకుని ఎర్ర దారపు చుట్టలాంటిది ఒకటి కనిపించాయి. అమ్మగారు రెండు చేపలూ పారేయించారు. నీళ్లు ఒకటే అయినప్పుడు ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేకపోవడం ఏమిటి, కాలవలో డ్రైనేజీ కలవడం వల్లనా, అసలు అలాంటి చేప తినొచ్చా అని అడిగారు.

చివరిదానికే ముందు చెప్తాను, టెన్షన్ తగ్గుతుంది. బాగా ఉడికిన చేపలో ఏ పురుగూ బతికి ఉండదు. మన పులుసు ఎలాగూ కుతకుతలాడుతూ ఉడుకుతుంది, వేపుడు ముక్క నూనెలో కాలుతుంది. పేగులు మనం తినం. పురుగు కనబడ్డ చోట కాస్త కండ కోసి తీసేసి మిగతాది వండుకోవచ్చు. మనసొప్పలేదు అంటే అది వేరే సంగతి, నేనూ బలవంతపెట్టను. కానీ ఆ బొచ్చె చేసిన పాపం ఏమిటో నాకు అర్థం కాలేదు.

ఇక అసలు విషయం. నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకి ముప్ఫై ఏళ్లు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ప్రాక్టికల్స్ కోసం కొన్న కొర్రమీనులు, వాలుగలు, గొరకలు ఎన్ని కోయించానో లెక్క లేదు. మంచినీటి చేప నీళ్లు పెద్దగా తాగదు, ఆ నీళ్లు దాని మొప్పల్లోంచి వాటంతటవే లోపలికి ఇంకుతుంటాయి. పేగులో ఉండే పురుగు నీళ్లతో రాదు, దాదాపు ఎప్పుడూ మేతతోనే వస్తుంది. కాబట్టి నీళ్లు ఒకటేనా అని కాదు, మేత ఒకటేనా అని అడగాలి. మీ రెండు చేపల మేత ఒకటి కాదు.

బొచ్చె నోరు చూసే ఉంటారు, పైకి తిరిగి ఉంటుంది. నీటి పైపొరలో తేలే సూక్ష్మజీవుల్ని మొప్పల లోపలున్న సన్నటి జల్లెడతో వడకట్టుకుని తింటుంది. కొర్రమీను అలా కాదు. తూటి పొదల్లో, గుర్రపుడెక్క కింద కదలకుండా కాచుకుని ఉండి పరిగెల్ని, కప్పపిల్లల్ని, రొయ్యల్ని, దొరికితే తన జాతి పిల్లల్నే గుటుక్కున మింగేస్తుంది. మీకు కనబడ్డ తెల్ల పురుగులు, ఫొటోని బట్టి, మేం పాలిసెంటిస్ అని పిలిచే ముళ్లతల పురుగులు. కొర్రమీను జాతికి బాగా అలవాటైన చుట్టాలు.

దీని ప్రయాణం చూడండి. పేగులోని ఆడ పురుగు గుడ్లు చేప రెట్టతో నీళ్లలో పడతాయి. ఆ గుడ్లని సైక్లాప్స్ తింటుంది. సైక్లాప్స్ అంటే గ్లాసు నీళ్లు వెలుతురుకి పట్టుకుంటే చుక్కలా గంతులేస్తూ కనిపించే చిన్న జీవి. సైక్లాప్స్‌ని పరిగె తింటుంది. పరిగెలో పురుగు పెద్దది కాదు, కార్జంలో చిన్న సంచి కట్టుకుని పడుకుంటుంది. ఆ పరిగెని కొర్రమీను మింగాక సంచి విప్పుకుని పేగు గోడకి తల గుచ్చుకుంటుంది. అక్కడే పెళ్లి, అక్కడే సంతానం.

ఇక్కడ మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: బొచ్చె కూడా సైక్లాప్స్‌ని తింటుంది కదా? తింటుంది. దానికీ అప్పుడప్పుడు అంటుకోవచ్చు. కానీ ఈ పురుగుకి బొచ్చె పేగు సొంతిల్లు కాదు, మహా అయితే కార్జంలో సంచిగా మిగులుతుంది. మనం కార్జాన్ని అంత పరీక్షగా చూడం. రెండోది లెక్క. ఒక పరిగె నెలల తరబడి తిన్న సైక్లాప్స్‌ల్లో రోగమున్నవి పదో పరకో ఉంటే, అవన్నీ దాని కార్జంలో జమ అవుతాయి. కొర్రమీను అలాంటి పరిగెల్ని రోజూ మింగుతుంది. చిన్న చేపలు పొదుపు చేసిన పురుగులన్నీ పెద్ద చేప ఖాతాలో పడతాయన్నమాట. మూడోది, ఇది కొంచెం కొంటె మాట, కాలవ బొచ్చె అని అమ్మేది చాలాసార్లు కైకలూరు వైపు చెరువు నుంచి ఐస్ పెట్టెలో వచ్చిందే. అమ్మినతన్ని తప్పు పట్టడం లేదు, కాలవ చేప అంటే రేటు వస్తుంది.

ఈ పురుగుని దగ్గర నుంచి చూస్తే మాత్రం మీకు అసహ్యం పోతుంది. పేగుని పొడవునా చీల్చి, పళ్లెంలో పరిచి, ఫోర్సెప్స్‌తో పురుగుని మెల్లగా లాగితే రాదు. ఇంకాస్త లాగితే తెగుతుందే తప్ప ఊడదు. పిల్లలు కంగారుపడేవాళ్లు. తల చుట్టూ వరసలు వరసలుగా వెనక్కి వంగిన కొక్కేలు, మన బావిలో బకెట్ తీసే పాతాళ గరిగెలా. పేగు ముక్కతో సహా కోసి, మామూలు కుళాయి నీళ్లున్న గాజు గిన్నెలో వేసి కాసేపు వదిలేయమనేవాణ్ణి. నీళ్లు పీల్చుకుని పురుగు ఉబ్బి, లోపలికి ముడుచుకున్న తల టక్కున బయటికి తోసుకొస్తుంది. మైక్రోస్కోప్ కింద ఆ కొక్కేల కిరీటం చూశాక "ఛీ" అన్నవాళ్లే "సార్, ఇంకోసారి" అనేవాళ్లు. దానికి నోరు లేదు, పేగు లేదు. చేప అరిగించి పెట్టిన తిండిని ఒంటితోనే పీల్చుకుంటుంది.

కొర్రమీను పుట్టగానే వేటగాడేం కాదు. వానల్లో మడుగు ఒడ్డున ఎర్రెర్రగా, గుంపుగా, పైకీ కిందకీ మరుగుతున్నట్టు కదిలే పిల్లల్ని చూసే ఉంటారు, కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ వయసులో తినేది సైక్లాప్స్ లాంటి చిన్న జీవుల్నే. కాస్త ఎదిగాక నీటి పురుగులు, ఆ తర్వాతే చేపలు. మేత మారినప్పుడల్లా పురుగుల జాబితా మారుతుంది. గడ్డిచేప దీనికి ఇంకా మంచి ఉదాహరణ. పెద్దయ్యాక నాచు, గడ్డి తింటుంది కాబట్టి పేగు పురుగుల బెడద తక్కువ. వేలెడంత పిల్లగా ఉన్నప్పుడు మాత్రం సైక్లాప్స్‌లు తిని ఆసియా బద్దె పురుగుని తెచ్చుకుంటుంది. ఆ పిల్లల్ని కలుపు తినడానికని దేశదేశాలకి తీసుకెళ్లినప్పుడు పురుగు కూడా టిక్కెట్ లేకుండా వెళ్లి అక్కడి చేపలకి అంటుకుంది. నర్సరీ చెరువులో పిల్లలు సన్నబడి, పొట్టలు ఉబ్బి కనిపిస్తే రైతు మేత చాలలేదనుకుంటాడు. రెండు పిల్లల్ని కోసి చూడటం మంచిది.

చేపల మీద పనిచేసేవాళ్లు దీన్నే తిప్పి వాడతారు. చేప కడుపు కోస్తే నిన్న ఏం తిందో తెలుస్తుంది, పేగులోని పురుగుల్ని లెక్కపెడితే కొన్ని నెలలుగా ఏం తింటోందో తెలుస్తుంది. నార్వే సరస్సుల్లో ఆర్కిటిక్ చార్ అనే చేపని ఇలాగే చూశారు. ఒకే సరస్సు, ఒకే జాతి. అయినా పైన తేలే జీవుల్ని తినే అలవాటున్న చేపల్లో ఒక రకం పురుగులు, అడుగున రొయ్యల్లాంటి జీవుల్ని ఏరుకు తినేవాటిలో ఇంకో రకం. అంటే ఒక్కో చేపకి ఒక్కో తిండి అలవాటు, నెలల తరబడి దాన్నే పట్టుకుని ఉంటుందన్నమాట. మీరు రేపు ఇంకో కొర్రమీను తెస్తే అందులో ఒక్క పురుగూ లేకపోవచ్చు. ఆశ్చర్యపోకండి.

రెండో ఫొటోలోని ఎర్ర చుట్ట వేరే జాతి. అది యూస్ట్రాంజిలిడిస్ అనే గుండ్రటి పురుగు పిల్ల అని నా ఊహ, ఫొటో మసగ్గా ఉంది కాబట్టి ప్రమాణం చేసి చెప్పను. దీని మొదటి మజిలీ అడుగు బురదలో ఉండే వానపాముల్లాంటి సన్న ఎర్రపురుగులు. వాటిని తిన్న చిన్న చేపలోకి, అక్కడి నుంచి దాన్ని మింగిన కొర్రమీను లోకి వస్తుంది. అయినా కొర్రమీనులో అది పెద్దవదు. ఎదురుచూసేది కొంగ కోసం. కొంగ కడుపులోనే గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లు రెట్టతో మళ్లీ నీళ్లలో పడతాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకి ఎప్పుడైనా సాయంత్రం వెళ్తే చూడండి, గూడబాతులు, కొంగలు, నీటికాకులు చుట్టుపక్కల నీళ్లన్నీ గాలించి తిని, చెట్ల మీదికి చేరి తెల్లగా రెట్టలేస్తుంటాయి. చూడటానికి అందంగా ఉంటుంది. పురుగుల వైపు నుంచి చూస్తే అదొక బస్టాండు.

మనిషి ఈ ఎర్ర పురుగు దారిలోకి వెళ్లడం అరుదు. 1982లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో కొందరు జాలర్లు గాలానికి ఎరగా పెట్టే చిన్న చేపల్ని బతికుండగానే మింగి, పేగుకి చిల్లు పడి ఆపరేషన్ దాకా వెళ్లారు. చేప తప్పు కాదు, తిన్న పద్ధతి తప్పు. పచ్చిచేప తినే హోటళ్లు మన ఊళ్లలోకీ వస్తున్నాయి కాబట్టి ఒక మాట: పచ్చిగా తినే చేపని -20 డిగ్రీల దగ్గర 7 రోజులు గడ్డకట్టించి ఉంచాలన్నది అమెరికా ఎఫ్‌డీఏ చెప్పే లెక్క. ఇంట్లో ఫ్రిజ్ పైఅర దానికి సాటిరాదు. కాలవ కొర్రమీనుతో అలాంటి ప్రయోగాలు అసలు వద్దు.

కింద ఒకాయన "అందుకే చెరువు చేపే తినాలి, దానికి తవుడు తప్ప వేరే తిండి లేదు, పురుగులే ఉండవు" అని రాశారు. సగం నిజం. కైకలూరు దగ్గర మా బావమరిదికి చెరువులున్నాయి. మన వైపు చెరువుల్లో ఎక్కువగా శీలావతి, దానికి తోడు కొంత బొచ్చె వేస్తారని తెలుసు కదా. నూనె తీసిన తవుడు, అదే డీఓబీ, దాంట్లో వేరుశనగ చెక్క కలిపి, అడుగున బెజ్జాలు పెట్టిన సంచుల్లో పోసి, చెరువులో పాతిన గెడలకి కడతారు. చేపలు కిందనుంచి వచ్చి బెజ్జాల దగ్గర మూతి పెట్టి పీల్చుకు తింటాయి. పొద్దున్నే పడవలో వెళ్తే సంచుల చుట్టూ నీళ్లు ఉడుకుతున్నట్టు ఉంటుంది. తవుడులో సైక్లాప్స్ లేదు, పరిగె లేదు, కాబట్టి పేగు పురుగులు తక్కువే. కానీ అక్కడ కాచుకుని ఉండేది పేను, ఆర్గులస్. పొలుసుల మీద పాకే పచ్చటి బిళ్ల, పెసరగింజంత ఉంటుంది. దానికి మధ్యలో సైక్లాప్స్ అక్కర్లేదు, పరిగె అక్కర్లేదు, ఒక చేప మీద నుంచి ఇంకో చేప మీదికి ఈదుతుంది. వేల చేపలు ఒళ్లూ ఒళ్లూ రాసుకుంటూ సంచి కింద గుమిగూడితే దానికి తిరునాళ్లే. ఇక్కడ రోగం మేతలో లేదు, పంక్తి భోజనంలో ఉంది.

ఇంకో తమాషా ఉంది. ఆడ పేను గుడ్లు పెట్టడానికి చేపని వదిలి గట్టిగా ఉండే వస్తువు వెతుక్కుంటుంది. చెరువు మధ్యలో గట్టిగా ఉండేవి ఏమిటి? మనం పాతిన గెడలే. మా బావమరిది ఒకసారి గెడ పీకి చూపించాడు, నీటిమట్టం కింద మసక పచ్చగా, జిగురు పూసి ఆవాలు అంటించినట్టు వరసలు. వేలితో గీస్తే గరగరలాడాయి. రెండు మూడు వారాల్లో అవి పొదుగుతాయి. అంటే భోజనశాల స్తంభాలకే పురిటి గదులు. అప్పటి నుంచి అతను గెడలు మార్చి మార్చి పాతి, పీకినవి ఎండలో పారేస్తున్నాడు. విడిగా కొన్ని వెదురు ముక్కలు నీళ్లలో వేలాడదీసి, వారానికోసారి తీసి ఎండబెడతాడు. మందు ఖర్చు తగ్గిందంటాడు. పూర్తిగా పోయిందని మాత్రం అనడు. పేను ఎక్కువైతే ముందు తెలిసేది కూడా మేత దగ్గరే. మధ్యాహ్నానికి ఖాళీ కావాల్సిన సంచుల్లో తవుడు మిగిలిపోతుంది, చేపలు గెడలకేసి ఒళ్లు రుద్దుకుంటాయి. ఆ రోజు "మేత తీసుకోవట్లేదు, ఆకలి మందు వేద్దాం" అనేవాళ్ల మాట వినకుండా వల వేసి నాలుగు చేపల్ని చూడటం మంచిది.

మిగిలిన మేత అడుగుకి పోతే ఇంకో బాధ. కుళ్లిన బురదలో ట్యూబిఫెక్స్ లాంటి ఎర్రపురుగులు పెరుగుతాయి. మొప్పల మీద తెల్ల బొబ్బలు తెచ్చే మిక్సోబోలస్ అనే, కంటికి ఆనని పరాన్నజీవుల కుటుంబానికి అవి రెండో ఇల్లు. చనిపోయిన చేపలోని విత్తనాల్ని బురదతో పాటు ఆ పురుగు మింగుతుంది, దాని ఒంట్లో అది పూర్తిగా వేరే రూపం తీసుకుని మళ్లీ చేప మీదికి వస్తుంది. ఆ రెండు రూపాలూ ఒకటేనని ట్రౌట్ చేపల్లో 1984లో తేలింది. అప్పటిదాకా వాటిని రెండు వేరువేరు జీవులని పుస్తకాల్లో రాసుకున్నాం, నేనూ అలాగే చదువుకున్నాను. మీ డ్రైనేజీ ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. మురుగు నీళ్లు పురుగుని పుట్టించవు. కానీ మురుగు ఎరువుగా పనిచేసి అడుగు పురుగుల్ని, నాచుని, నాచు తినే నత్తల్ని పెంచుతుంది, వాటితో పాటు వాటిలో కాపురముండే పరాన్నజీవులూ పెరుగుతాయి. బాగా తిన్న నత్త నుంచి ఎక్కువ పిల్ల పురుగులు బయటికొస్తాయి. చెరువులో కోళ్ల ఎరువు ఎడాపెడా గుమ్మరించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అక్వేరియం పెట్టుకున్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే: గప్పీ వెనకనుంచి ఎర్ర దారాలు రెండు మూడు వేలాడుతూ, చేప కదలగానే లోపలికి లాక్కుంటే అది కమలానస్ అనే పేగు పురుగు. బయట గుంటలోంచి పట్టి తెచ్చిన బతికున్న మేతలో దాన్ని మోసే సైక్లాప్స్‌లు ఉండొచ్చు, వేసేముందు ఆలోచించండి.

ఇంతసేపూ ఏం తింది అని చూశాం, ఎంత తింది అన్నదానికి ఒక పాత కథ. డాఫ్నియా అని చెరువుల్లో ఆవగింజంత జీవి ఉంటుంది, నీళ్లని వడకట్టి నాచు తింటుంది. నాచుతో పాటు ఒక బూజు తాలూకు సూదుల్లాంటి విత్తనాల్నీ మింగుతుంది, అవి పేగు గోడ పొడుచుకుని ఒంట్లోకి దిగుతాయి. 1884లో మెచ్నికోవ్ దాని గాజులాంటి ఒంట్లోకి మైక్రోస్కోప్‌తో చూస్తూ, దాని కణాలు ఆ సూదుల్ని చుట్టుముట్టి మింగేయడం గమనించాడు. మన తెల్లరక్తకణాలు చేసే పని అదేనని వాదించి, 1908లో నోబెల్ అందుకున్నాడు. ఇందులో మనకి కావలసింది ఒకటే: వేగంగా వడకట్టే డాఫ్నియా త్వరగా ఎదుగుతుంది, అదే వేగంతో రోగాన్నీ మింగుతుంది. తిండి మానేస్తే రోగం తగ్గుతుంది, ఎదుగుదలా ఆగుతుంది.

పురుగు ఊరికే కూర్చోదు కూడా. కెనడాలో ఒక ముళ్లతల పురుగుంది. అది రొయ్యపిల్లలాంటి గామరస్ ఒంట్లో ఉంటుంది, చేరాల్సింది బాతు కడుపుకి. నీళ్లు కదిలితే ఆరోగ్యంగా ఉన్న గామరస్ చీకట్లోకి, అడుగుకి పారిపోతుంది. పురుగున్నది వెలుతురు వైపు, పైకి వచ్చి, గడ్డిపోచని పట్టుకుని వేలాడుతుంది. ఇక బాతు వెతుక్కోనక్కర్లేదు.

మన వైపు పెద్దవాళ్లకి ఇదంతా కొత్త కాదు. నారి కురుపు పేరు మీ నాయనమ్మగారిని అడగండి. దిగుడుబావి నీళ్లతో సైక్లాప్స్‌ని మింగిన మనిషి కాలిలోంచి ఏడాది తర్వాత రెండు మూరల దాకా పొడవున్న పురుగు బయటికొచ్చేది, పుల్లకి చుట్టి రోజుకింత లాగేవాళ్లు. నీళ్లు గుడ్డతో వడకట్టడం, దిగుడుబావులు మూయించడం లాంటి పనులతోనే అది పోయింది. దేశంలో చివరి కేసు 1996లో వచ్చింది, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకి సర్టిఫికెట్ ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ జబ్బు ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. ఆఫ్రికాలోని చాద్‌లో మాత్రం 2012 నుంచి అదే పురుగు కుక్కల్లో బయటపడుతోంది. గట్టున పారేసిన చేపల పేగులు, కప్పలు తినడం వల్లేనని అనుమానం, అందుకని అక్కడ చేప పేగుల్ని పూడ్చిపెట్టమని ఊరూరా చెబుతున్నారు.

అన్నట్టు, మీరు పారేశాం అన్నారు, ఎక్కడ పారేశారో రాయలేదు. కాలవలో వేసుంటే, గట్టున కుక్కలకి వేసుంటే ఈసారి అలా చేయకండి, లోపలి చెత్తంతా పెరట్లో జానెడు లోతున పూడ్చండి. ఎర్ర చుట్ట ఇంకా దొరికే పరిస్థితి ఉంటే దాన్ని ఒక సీసాలో వేసి, మునిగేలా స్పిరిట్ పోసి ఉంచండి. నాగార్జున యూనివర్సిటీ జువాలజీ వాళ్లకి చూపిస్తే పేరు ఖాయంగా చెప్తారు. అప్పుడు నా ఊహ తప్పయితే ఇక్కడే రాయండి, దిద్దుకుంటాను.